నాలుగు సున్నాల సంగతి

సభకు నమస్కారం. జూలై చివరి శుక్రవారం, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల రోజు. అందరికీ అభినందనలు. ఇక నేను మాట్లాడాలని వచ్చింది ఒక్క అడ్రసు గురించి: 0.0.0.0. ఒక సర్వీసు దీని మీద వింటుందంటే, ఆ మెషీన్‌కున్న ఐపీ అడ్రసులన్నిటి మీదా వింటున్నట్టే.

ఒకే మెషీన్ మీద హోస్టూ, అంటే అసలు సిస్టమూ, దాని లోపల విడిగా నడిచే గెస్టులూ సర్వీసులు నడుపుతుంటే తగాదా ముందుగా ఇక్కడే చూడాలి. గెస్టులను విడదీసే లినక్స్-వీసర్వర్‌లో, అదే పనికి 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చిన మామూలు జైల్లో గెస్టుకు సొంత నెట్‌వర్క్ స్టాక్, అంటే సొంత నెట్‌వర్క్ వ్యవస్థ, ఉండదు. గెస్టు ఐపీ అంటే హోస్టు కార్డుకు తగిలించిన ఇంకో అడ్రసే. హోస్టులో రిమోట్ లాగిన్ ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌డీ నాలుగు సున్నాల మీద పోర్టు 22 పట్టుకుంటే గెస్టుల అడ్రసులన్నీ పట్టుకున్నట్టే.

వీసర్వర్ గెస్టులో ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేవదు, లాగులో ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని పడుతుంది. అది నయం, తెలుస్తుంది. జైల్లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఆగిపోయినప్పుడు మాత్రం ఆ అడ్రసుకు వచ్చినవాళ్లకు హోస్టే పలుకుతుంది. సర్వర్‌ను గుర్తుపట్టే హోస్ట్ కీ మారిందని క్లయింటు హెచ్చరిస్తుంది. మనవాళ్లు ఆ పాత కీ లైను చెరిపేసి లోపలికి వెళ్తారు. గెస్టనుకుని హోస్టు మీద డైరెక్టరీ తుడిచేస్తే ఎవరు దిక్కు? చెప్పండి!

గెస్టు పోర్టును 2222కి మార్చడం దీనికి మందు కాదు. సర్దుకోవలసింది హోస్టు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ‘లిజన్ అడ్రస్’ లైనులో హోస్టు సొంత ఐపీ, ఉదాహరణకు 192.168.10.5, రాయండి. ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ’తో ఫైలు సరిచూసి, తెరిచి ఉన్న సెషన్ మూయకుండా రీస్టార్ట్ చేయండి. ఉబుంటు 24.04లో పోర్టు పట్టుకునేది సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ తెరిచిన సాకెట్ కాబట్టి డీమన్-రీలోడ్ చేసి, ఆ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి. వెబ్ సర్వర్ అపాచీలో ‘లిజన్ 80’ బదులు ఐపీతో కలిపి రాయండి. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో ‘ఐనెట్ ఇంటర్‌ఫేసెస్’ మారిస్తే రీలోడ్ చాలదు, ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఫ్రీబీఎస్‌డీలో లాగులు రాసే సిస్‌లాగ్‌డీకి ‘హైఫన్ ఎస్ఎస్’ ఇస్తే నెట్‌వర్క్ సాకెట్ తెరవదు.

ఐపీవీ6లో రెండు కోలన్లదీ (::) ఇదే కథ, దాన్ని మరిచిపోకండి.

ఇలా ఐపీ కట్టేశాక బూట్‌లో ఒక చిక్కు వస్తుంది. కార్డుకు అడ్రసు రాకముందే సర్వీసు లేస్తే ‘కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్’ అని పడిపోతుంది. ఆ సర్వీసు సిస్టమ్‌డీ యూనిట్‌ను నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ తర్వాత పెట్టండి.

పూర్తి వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎంలో గెస్టుకు సొంత స్టాక్ ఉంటుంది, 22 కోసం కొట్లాట లేదు. అక్కడ పేచీ డీఎన్‌ఎస్ పోర్టు 53 దగ్గర. ఆ గెస్టులను నిర్వహించే లిబ్‌వర్ట్ డిఫాల్ట్ నెట్‌వర్క్ 192.168.122.1 మీద తన డీఎన్‌ఎస్ సర్వర్ డీఎన్‌ఎస్‌మాస్క్‌ను నడుపుతుంది. హోస్టులో మరో డీఎన్‌ఎస్ సర్వర్ బైండ్ ముందే లేచి ఆ అడ్రసును పట్టుకుంటే డిఫాల్ట్ నెట్‌వర్క్ లేవదు. బైండ్ ‘లిజన్-ఆన్’లో 127.0.0.1, హోస్టు ఐపీ మాత్రమే ఉంచండి. హోస్టుదీ డీఎన్‌ఎస్‌మాస్కే అయితే ‘బైండ్-ఇంటర్‌ఫేసెస్’ పెట్టి, లిబ్‌వర్ట్ బ్రిడ్జ్ అయిన ‘వర్‌బీఆర్ 0’ని మినహాయించండి.

అదే హోస్టులో కంటైనర్లు నడిపే డాకర్ కూడా పెట్టారా? అది ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ పాలసీని ‘డ్రాప్’గా మారుస్తుంది. గెస్టుల బ్రిడ్జ్ ట్రాఫిక్ ఆ ఫైర్‌వాల్, అంటే ఐపీటేబుల్స్, గుండా వెళ్తుంటే గెస్టులకు నెట్ పోతుంది. డాకర్-యూజర్ చెయిన్‌లో ఆ బ్రిడ్జ్‌కు యాక్సెప్ట్ రూలు రాయాలి. దీనిమీద గంటసేపు మాట్లాడవచ్చు, కానీ మళ్లీ సున్నాల దగ్గరికే వస్తాను.

ఇంటికెళ్లాక హోస్టులో ‘ఎస్ఎస్ హైఫన్ టీఎల్ఎన్‌పీ’ కొట్టి, నాలుగు సున్నాలు, నక్షత్రం, రెండు కోలన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. జైలు హోస్టయితే ‘సాక్‌స్టాట్ హైఫన్ ఎల్’. ఆ తర్వాత జైల్లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఆపి, మూడో మెషీన్ నుంచి జైలు ఐపీకి 22 మీద కనెక్ట్ అవ్వండి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ రావాలి. పాస్‌వర్డ్ అడిగిందంటే మీతో మాట్లాడుతున్నది హోస్టు.