ఏ హత్య జరిగినా 'మతిస్థిమితం లేదు' అనేయడమేనా?

యాంకర్: ఎక్కడ దారుణం జరిగినా ముందుగా వినిపించే మాట, నిందితుడికి మతిస్థిమితం లేదని. డాక్టర్ గారూ, తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే మనిషి ప్రమాదకరమేనా?

సైకియాట్రిస్ట్: జబ్బుకీ హింసకీ అసలు సంబంధమే లేదని కొందరంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు, కానీ అది నిజం కాదండీ. స్వీడన్‌లో 1973 నుంచి 2006 దాకా ఉన్న రికార్డులు పరిశీలించారు. సాధారణ జనంలో హింసాత్మక నేరం చేసినవాళ్లు 5.3 శాతం. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టుకునే తీవ్రమైన మానసిక జబ్బు. దాంతో పాటు మద్యం, డ్రగ్స్ వ్యసనం కూడా ఉన్నవాళ్లలో 27.6 శాతం. వ్యసనం లేకుండా జబ్బు మాత్రమే ఉన్నవాళ్లలో 8.5. తేడా ఎక్కడుందో చూడండి.

న్యాయవాది: కోర్టు కూడా జబ్బు పేరు చూసి వదిలేయదు. ఇంగ్లండ్‌లో 1843 నాటి మెక్‌నాటన్ హత్య కేసు నుంచి చాలా దేశాల్లో అడిగేది ఒకటే: ఆ క్షణంలో తను చేస్తున్నదేంటో, అది తప్పని నిందితుడికి తెలుసా?

యాంకర్: అమ్మా, మీ అబ్బాయి విషయం చెప్తారా?

తల్లి: అన్నంలో విషం కలిపానని నన్నే అనుమానించేవాడు. ఒక రాత్రి గోడకేసి తోసేశాడు. బయట చెప్తే నేరస్థుడని ముద్ర వేస్తారని నెలల తరబడి దాచాను.

సైకియాట్రిస్ట్: మేం భయపడేది సరిగ్గా ఆ నెలల గురించే. సైకోసిస్‌లో, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితిలో ఉండి చేసిన హత్యల్లో పదికి దాదాపు నాలుగు, అసలు చికిత్సే మొదలవ్వకముందు జరిగినవి. బలయ్యేది కూడా ఎక్కువగా ఇంట్లోవాళ్లే, తెలిసినవాళ్లే. 2014లో వచ్చిన మరో స్వీడన్ అధ్యయనంలో, ఒకే మనిషిని మందులు వాడిన కాలంలోనూ వాడని కాలంలోనూ పోల్చి చూశారు. ఆ భ్రమలను తగ్గించే యాంటీసైకోటిక్ మందులు వాడినప్పుడు హింసాత్మక నేరాలు 45 శాతం తక్కువ.

తల్లి: మావాడినే వీధిలో రెండుసార్లు కొట్టారు సార్. అది ఏ వార్తలోనూ రాలేదు.

సైకియాట్రిస్ట్: రాదమ్మా. షికాగోలో తీవ్రమైన మానసిక జబ్బులకు చికిత్స పొందుతున్నవాళ్లను అడిగితే, ఒక్క ఏడాదిలో నాలుగో వంతుకు పైగా హింసకు గురయ్యారని తేలింది. అక్కడి మామూలు జనంతో పోలిస్తే పదకొండు రెట్లు.

తల్లి: ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ మాత్రలు మానేస్తానంటున్నాడు. నాకు మళ్లీ టెన్షన్ మొదలైంది.

సైకియాట్రిస్ట్: గొడవపడకండి. ఎందుకు మానాలనిపిస్తోందో అడగండి. బరువు పెరుగుతున్నాడా, పగలంతా మత్తుగా ఉంటోందా? అదే కారణమైతే డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. రోజూ మింగడమే కష్టమైతే నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉంది. వాణ్ణి వెంటబెట్టుకుని ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి.