బీరువాలోని రివాల్వర్: వారసులకు వచ్చేది ఆస్తి, లైసెన్సు కాదు

అందరికీ నమస్కారం.

ఇంటి పెద్ద కాలం చేశాక దినవారాలు ముగుస్తాయి. బ్యాంకు పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. బీరువా లోపలి అరలో గుడ్డలో చుట్టి పెట్టిన .32 రివాల్వర్, దాని పక్కనే ఉన్న లైసెన్సు పుస్తకం మాత్రం చివరికి మిగిలిపోతాయి. "లైసెన్సు ఉన్నదే కదా, సంవత్సరీకం అయ్యాక చూద్దాంలే" అంటారు. చాలా కుటుంబాలు ఇబ్బందుల్లో పడేది సరిగ్గా ఆ మాట దగ్గరే.

లైసెన్సు మనిషికి ఇచ్చేది, తుపాకీకి కాదు. ఆ మనిషి పోయిన రోజే దాని పని అయిపోయింది. పుస్తకంలో గడువు ఇంకా నాలుగేళ్లు ఉన్నా అది మీకు పనికిరాదు. రివాల్వర్ ఖరీదైన వస్తువు కాబట్టి మిగతా ఆస్తితో పాటు అదీ వారసులకు చెందుతుంది. దాన్ని దగ్గర పెట్టుకునే అనుమతి మాత్రం సంక్రమించదు. వీలునామాలో "నా రివాల్వర్ పెద్దబ్బాయికి" అని రాసి రిజిస్టరు చేయించినా ఇంతే. ఆ కాగితం యాజమాన్యాన్ని ఇస్తుంది తప్ప లైసెన్సును ఇవ్వదు.

ఇక్కడ వర్తించేవి 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి, 2019 డిసెంబరులో వచ్చిన సవరణ. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర ఉంటే, ఆ సవరణ తర్వాత శిక్ష 2 ఏళ్లకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, దానితో పాటు జరిమానా. నిషిద్ధ ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్లు. "అది మా నాన్నగారిది" అనే మాట సానుభూతి తెస్తుందేమో గానీ లైసెన్సు స్థానంలో నిలబడదు.

కాబట్టి మొదటి పని డిపాజిట్. లైసెన్సు మార్పు, అమ్మకం, అన్నదమ్ముల మధ్య పంపకం అన్నీ దాని తర్వాతే. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం చేతనైనా ఆయుధం దగ్గర ఉండటం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. సైన్యంలో ఉన్నవారికి యూనిట్ ఆర్మరీ, అంటే ఆయుధాగారం కూడా ఉంది. అయితే ముందు ఆయుధం నిజంగా ఇంట్లోనే ఉందో లేదో చూడండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పెట్టించిన తుపాకీని పెద్దాయన వెనక్కి తెచ్చుకోకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ రసీదు లైసెన్సు పుస్తకంలోనే మడిచి ఉంటుంది.

ఆయుధం ఇంట్లోనే ఉంటే దాన్ని సంచిలో వేసుకుని నేరుగా బయలుదేరకండి. లైసెన్సుదారు రాతపూర్వకంగా అనుమతిస్తే మరమ్మతుకో రెన్యువల్‌కో వేరొకరు తీసుకెళ్లే వెసులుబాటు చట్టంలో ఉంది. ఆయన లేరు గనుక అది ఇప్పుడు మీకు వర్తించదు. ముందుగా మరణ ధ్రువపత్రం, లైసెన్సు నకళ్లతో స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ఒక అర్జీ ఇవ్వండి. దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని, ఆయుధం ఎలా అప్పగించాలో అడగండి. తుపాకీ వాడకం తెలియనివాళ్లు తూటాలు తీయడానికి ప్రయత్నించవద్దు. ముఖ్యంగా పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేసినా ఛాంబర్‌లో (గొట్టం వెనుక గదిలో) ఒక తూటా మిగిలి ఉండవచ్చు, ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కితే ప్రాణం పోతుంది. దాన్ని తాళం వేసి ఉంచి, ఇంట్లో లోడైన ఆయుధం ఉందని పోలీసులకు చెప్పండి. దాన్ని ఖాళీ చేయాల్సింది వాళ్లే.

డిపాజిట్ రసీదులో తయారీదారు పేరు, రకం, బోరు (గొట్టం లోపలి కొలత), సీరియల్ నంబరు, తూటాల సంఖ్య, ఆయుధం ఏ స్థితిలో ఉందన్నది అన్నీ ఉండాలి. "రివాల్వర్ ఒకటి" అని మాత్రమే రాసిన రసీదు రేపు అమ్మకం దగ్గర చిక్కు తెస్తుంది. సీరియల్ నంబరును లైసెన్సులోని నంబరుతో అక్కడే పోల్చి చూడండి. పాత పుస్తకాల్లో చేతిరాత వల్ల 1, 7 తారుమారయ్యే సందర్భాలు ఉంటాయి, ఆ తేడా బయటపడాల్సింది ఆ రోజే. ఎంతకాలంలోగా వెనక్కి తీసుకోవాలో, లేదా అమ్మేయాలో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి. గడువు దాటితే జిల్లా మేజిస్ట్రేటు (కలెక్టరు) నోటీసు ఇచ్చి, 30 రోజుల్లో సంజాయిషీ అడిగి, ఆయుధాన్ని ప్రభుత్వానికి జప్తు చేయవచ్చు. ఆ నోటీసు చనిపోయినవారి పాత చిరునామాకు వెళ్లి, తాళం వేసిన ఇంటి గుమ్మం దగ్గర పడి ఉండే ప్రమాదం ఉంది. అందుకే అర్జీలో మీ ప్రస్తుత చిరునామా, ఫోను నంబరు తప్పకుండా రాయండి.

ఆయుధాన్ని అట్టిపెట్టుకోదలచినవారికి నియమావళిలోని 25వ నియమం దారి చూపుతుంది. లైసెన్సుదారు మరణించాక చట్టబద్ధ వారసుడికి లైసెన్సు ఇవ్వవచ్చు. ఇదే నియమంలో చాలామందికి తెలియని ఇంకో వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం చేతిలోకి వచ్చి 25 ఏళ్లు అయినా, ఏది ముందైతే అప్పుడు ఆయన బతికి ఉండగానే తన వారసుల్లో ఒకరిని సూచించవచ్చు. ఈ సభలో అలాంటి పెద్దలు ఉంటే ఈ సంవత్సరమే ఆ పని మొదలుపెట్టండి. మీరు సంతకం పెట్టి అప్పగించే ఒక్క కాగితం, మీ తర్వాత మీ పిల్లలు పోగుచేయాల్సిన ఆరేడు కాగితాలను తప్పిస్తుంది.

వారసుడైనంత మాత్రాన లైసెన్సు వచ్చి తీరుతుందనుకోకండి. వయసు 21 నిండాలి. హింసకో నైతిక పతనానికో సంబంధించిన నేరంలో శిక్ష పడి ఉంటే, శిక్ష ముగిశాక 5 ఏళ్లు గడవాలి. పోలీసు నివేదికలో ప్రతికూల వ్యాఖ్యలు ఉండకూడదు. ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదన్న పరిమితిని 2019 సవరణ పెట్టింది, అంతకుముందు అది మూడు. వారసత్వంగా ఇచ్చే లైసెన్సుకూ ఈ పరిమితి వర్తిస్తుందని చట్టమే ప్రత్యేకంగా చెప్పింది. ఇప్పటికే రెండు ఉన్న కొడుకు తండ్రి రివాల్వర్ కూడా కావాలంటే ఉన్నవాటిలో ఒకటి వదులుకోవాలి. లేదా అర్హత ఉన్న అక్కచెల్లెళ్లలో ఒకరు దరఖాస్తు చేసుకోవచ్చు. వారసత్వం కూతురికీ సమానమే.

వ్యక్తిగత లైసెన్సుకు దరఖాస్తు ఫారం ఏ-1. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌కు అనుబంధమైన ఆన్‌లైన్ వ్యవస్థలోనే దాన్ని నింపాలి. ప్రతి లైసెన్సుదారుకూ ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది, అందరూ యూఐఎన్ అంటారు. పెద్దాయన పుస్తకంలో ఆ నంబరు లేకపోతే ఆయన బతికుండగానే లైసెన్సు చెల్లకుండా పోయి ఉండవచ్చు. ఆ సంగతి దాచకుండా అర్జీలో ముందే రాయడం మంచిది. గుర్తింపు, వయసు, నివాసం రుజువులు, ఫోటోలు, వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, సురక్షిత వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం జతచేయాలి. వీటికి తోడు మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు, డిపాజిట్ రసీదు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులందరి నిరభ్యంతర అఫిడవిట్లు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఆ అఫిడవిట్ల దగ్గరే. ఒక తోబుట్టువు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు, వాట్సాప్‌లో "నాకేం అభ్యంతరం లేదు" అని రాస్తారు. అది చెల్లదు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అఫిడవిట్ అసలు ప్రతి పంపించమనండి. పొలం తగాదా ఉన్న ఇళ్లలో ఈ సంతకాన్ని బేరానికి వాడుకుంటారు. దానికోసం ఏళ్లు ఎదురుచూడటం కంటే, ఆయుధం అమ్మి డబ్బు పంచుకోవడానికి ఒప్పుకోవడమే తేలిక.

లైసెన్సు ఇచ్చే అధికారి మామూలు జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేటు. హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం, విజయవాడ వంటి కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనరు. అధికార పరిధిని నిర్ణయించేది మీ నివాసం. నల్గొండ జిల్లాలో తండ్రి తీసుకున్న లైసెన్సు అయినా, కొడుకు హైదరాబాద్‌లో స్థిరపడి ఉంటే దరఖాస్తు నగరంలోనే, పాత జిల్లాకు సమాచారం మాత్రం ఇవ్వాలి. పోలీసు నివేదికకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు నియమావళి పెట్టిన గడువులు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి తీసుకుని అప్పీలుకు వెళ్లవచ్చు. కొత్త లైసెన్సు కాలపరిమితి ఇప్పుడు 5 ఏళ్లు.

బోరు సంగతి విడిగా చెప్పాలి. .32 రివాల్వర్, .22 పిస్టల్, 12 బోరు తుపాకీ సాధారణ కోవలోకి వస్తాయి. 9 ఎంఎం పిస్టల్, .303 రైఫిల్ నిషిద్ధ బోర్లు, వాటి లైసెన్సు కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. తాతగారు సైన్యంలో పనిచేసి ఉంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. బోరు తెలియకుండా జిల్లాలో దరఖాస్తు వేస్తే నెలలు వృథా. "ఇది పాతకాలపు వస్తువు, పేలదు" అనుకునేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. పురావస్తు విలువ ఉన్నవైనా, పాడైపోయినవైనా, మరమ్మతు చేసినా పేలనివైతేనే చట్టం నుంచి మినహాయింపు పొందుతాయి. కానీ తుప్పు పట్టడం పాడైపోవడం కాదు. తూటాను పేల్చే పిన్ను మార్చితే పేలుతుందంటే అది ఆయుధమే.

ఇక అమ్మకం. అమ్మడం కోసం మీరు ముందు లైసెన్సు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. ఆయుధం డిపాజిట్‌లో ఉండగానే, దాన్ని కలిగి ఉండే హక్కున్న వ్యక్తికి అమ్మించి డబ్బు పొందే హక్కు డిపాజిట్ చేసినవారికి, వారు లేకపోతే చట్టబద్ధ ప్రతినిధికి ఉంది. కొనేవారు లైసెన్సున్న డీలరు కావచ్చు, లేదా తన లైసెన్సులో ఆ రకం ఆయుధానికి ఖాళీ ఉన్న వ్యక్తి కావచ్చు. వ్యక్తికి అమ్మేటప్పుడు 5వ సెక్షన్ చెప్పే క్రమం పాటించండి. ఎవరికి అమ్ముతున్నారో పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. ఆ లోపల కొనేవారి లైసెన్సు అసలు ప్రతి చూడండి, ఫోనులో పంపిన ఫోటోను నమ్మకండి. గడువు, బోరు, ఇప్పటికే ఎక్కించిన ఆయుధాల సంఖ్య అందులోనే తెలుస్తాయి.

తయారీదారు పేరు, నంబరు లేని ఆయుధాన్ని అమ్మకూడదు. గీకేసిన నంబరుందంటే అమ్మకం ఆలోచన మాని ముందు పోలీసులకు చెప్పండి. 5వ సెక్షన్‌ను ఉల్లంఘించి అమ్మితే శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. దగ్గర ఉంచుకోవడం కంటే తప్పుడు చేతికి అమ్మడాన్ని చట్టం ఎన్నో రెట్లు పెద్ద నేరంగా చూస్తోంది. మిగిలిన తూటాలకూ ఇదే నియమం, వాటిని ఊరికే ఇచ్చేయకూడదు, చెరువులో పారేయకూడదు.

ధర విషయంలో తొందరపడకండి. విదేశాల నుంచి చేతి తుపాకుల రాక దశాబ్దాలుగా కట్టడిలో ఉంది గనుక, బాగున్న పాత విదేశీ రివాల్వర్‌కు గిరాకీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించాకే ఒప్పుకోండి. ఆయుధం డిపాజిట్‌లోనే ఉంటుంది కాబట్టి వాళ్లే వచ్చి చూస్తారు.

అమ్మకం పూర్తయ్యాక కొన్నవారి లైసెన్సులో ఆయుధం ఎక్కిన పేజీ నకలు, అమ్మకపు రసీదు తీసుకోండి. పెద్దాయన లైసెన్సు పుస్తకాన్ని జారీచేసిన కార్యాలయంలో అప్పగించి, రద్దు చేసినట్టు రాతపూర్వకంగా అడగండి. ఆయన పేరు మీద ఆయుధం డేటాబేస్‌లో మిగిలిపోతే, తర్వాతి ఎన్నికల ముందు దాన్ని డిపాజిట్ చేయమంటూ కానిస్టేబులు మళ్లీ మీ ఇంటికే వస్తాడు. ఆ మూడు కాగితాలు ఇంటి దస్తావేజుల పక్కన పెట్టుకోండి.