ఆ నవ్వులు నిజమేనా? బర్బ్యాంక్ స్టూడియోలో ఒక శనివారం

అందరికీ నమస్కారం. ఈ వీడియో మా పిన్ని కోసం. "మీకు దగ్గరే కదా, అమెరికా సీరియళ్ళు తీసే చోటు చూపించవే" అని నాలుగు నెలల నుంచి అడుగుతోంది. అందుకే లాస్ ఏంజెలెస్ పక్కన బర్బ్యాంక్‌లో ఉన్న వార్నర్ బ్రదర్స్ స్టూడియోకి వచ్చాం. టికెట్ మనిషికి 70 డాలర్ల పైనే, అంటే మన డబ్బుల్లో ఆరు వేలు దాటింది పిన్నీ. పార్కింగ్ మళ్ళీ వేరు.

బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి స్టూడియో అంతా తిప్పారు. కొన్నిచోట్ల వీడియో తీయనివ్వరు, అక్కడివి మాటల్లో చెప్తాను. ఇదిగో, ఇది స్టేజ్ 24, అంటే సీరియళ్ళు తీసే హాలు. బయటినుంచి చూస్తే పెద్ద గోడౌన్, అంతే. న్యూయార్క్‌లో ఉండే ఆరుగురు స్నేహితుల కథతో నవ్వించే సీరియల్ 'ఫ్రెండ్స్' ఉంది కదా, దాని మొదటి సీజన్ వేరే స్టేజ్‌లో తీసి, రెండో సీజన్ నుంచి ఇక్కడికి మారారు. గోడకున్న ఈ ఫలకం మీద ఇక్కడ తీసిన షోల పేర్లన్నీ రాసి ఉంటాయి. 'ఫ్రెండ్స్' పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఎందుకో చెప్తాను. అమెరికా వచ్చిన మొదటి ఏడాది మేం షికాగోలో ఉన్నాం. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడిపోయేది. బయట మంచు, ఇంట్లో నేనొక్కదాన్నే. 'ఫ్రెండ్స్' పెట్టుకునేదాన్ని. మాటలు సగమే అర్థమయ్యేవి, కానీ ఆ నవ్వులు వినపడుతుంటే హాల్లో పదిమంది చుట్టాలు ఉన్నట్టు ఉండేది. అవి ఏదో మెషీన్‌లోంచి వేసిన నవ్వులని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

కాదట! సెట్‌కి ఎదురుగా మెట్లలా కుర్చీలు వేసి, సుమారు 300 మందిని కూర్చోబెట్టి, వాళ్ళ ముందే నటించేవారు. ఎడిటింగ్‌లో సర్దుబాట్లు ఉంటాయి గానీ, నవ్వింది నిజం మనుషులే. మనం చూసే 22 నిమిషాల ఎపిసోడ్‌కి వాళ్ళు గంటల తరబడి కూర్చునేవారు. మధ్యలో నీరసపడకుండా ఒక కమెడియన్ కబుర్లు చెప్తూ ఉంటాడు. జోక్‌కి నవ్వు రాకపోతే రచయితలు అక్కడికక్కడే మార్చి రాసి, మళ్ళీ తీయించేవారు.

1998లో లండన్‌లో తీసిన ఎపిసోడ్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆ ఆరుగురిలో ఇద్దరు చాండ్లర్, మోనికా. చాండ్లర్ పక్కన దుప్పటి కిందనుంచి మోనికా బయటికి రాగానే జనం ఒకటే గోల. ఎంతకీ ఆగలేదట. రచయితలు ముందు అనుకున్నది ఆ ఒక్క రాత్రి ముచ్చటే. ఆ గోల విన్నాక కథ సాగదీశారు, చివరికి పెళ్ళి కూడా చేశారు. ఆ పెళ్ళికి పెద్దలు ఆ జనమే అన్నమాట!

టైటిల్స్‌లో వాళ్ళు గంతులేసే ఫౌంటెన్ ఉంది చూడండి, అది న్యూయార్క్‌ది కాదు. ఇక్కడే బర్బ్యాంక్‌లో తీశారు. మోనికా ఇంటి తలుపుకున్న పసుపు ఫ్రేమ్ మొదట అద్దానిది. అద్దం పగిలిపోతే ఫ్రేమ్ తలుపుకి తగిలించారు, అదే అందరికీ గుర్తుండిపోయింది. చివరి రెండు సీజన్లకి ఆరుగురు ముఖ్య నటులకీ ఎపిసోడ్‌కి తలా 10 లక్షల డాలర్లు ఇచ్చారు. ఇప్పటి లెక్కలో ఎనిమిది కోట్ల పైమాటే.

పక్కనున్న స్టేజ్ 25 'బిగ్ బ్యాంగ్ థియరీ'ది, అది సైంటిస్టుల మీద తీసిన కామెడీ సీరియల్. అందులో బోర్డు మీద రాసే లెక్కలు ఉత్తుత్తివి కావు, డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్ అనే యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ) ఫిజిక్స్ ప్రొఫెసర్ చూసి ఇచ్చేవారు. దాని గురించి ఇంకా చెబుదామనుకున్నాను. ఈలోగా మా వారు కళ్ళజోడు బండిలో మర్చిపోయారు. ఆయన వెతకడానికి వెళ్తే, నేను 'ఫ్రెండ్స్' కాఫీ షాప్ సెట్‌లో నారింజ రంగు సోఫా మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. పిన్నికి ఫోన్ చేసి చూపిద్దామనిపించింది. టైమ్ చూస్తే అక్కడ అర్ధరాత్రి రెండున్నర. చేయకుండా ఫోన్ లోపల పెట్టేశాను.

పిన్నీ, ఇప్పటికీ జనం ముందు తీసే షోలు ఇక్కడ ఉన్నాయి. వాటికి టికెట్ ఉచితం, ముందుగా బుక్ చేసుకోవాలంతే. నీ వీసా రానీ, ఇద్దరం వెళ్దాం. చాలాసేపు కూర్చోవాలి, నీ నడుముకి దిండు నేను తెస్తాను.