లింకన్‌కి గొంతు పెట్టిన టాకీ

అక్క: నమస్తే అందరికీ. ఈ వారం డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘అబ్రహం లింకన్’. 1930 ఆగస్టులో న్యూయార్క్‌లో మొదటి షో పడింది, అంటే మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కంటే ఏడాదిన్నర ముందు. అమెరికాలో కూడా అప్పటికి టాకీలు కొత్తే, టాకీల ఊపు మొదలెట్టిన ‘జాజ్ సింగర్’ వచ్చి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

తమ్ముడు: నాకైతే మొదటి అరగంట చాలా భారంగా గడిచిందక్కా. ఒకళ్ళు డైలాగ్ చెప్తారు, ఆగుతారు, అప్పుడు రెండో వాళ్ళు మొదలుపెడతారు.

అక్క: అవును, కానీ ఒకటి గమనించావా, మాటల్లేని చోట కెమెరా ఎంత హాయిగా తిరుగుతుందో? లింకన్ పుట్టిన రాత్రి చూడు, ఆ గాలి, ఆ చెట్లు, వాటి మధ్య నుంచి దుంగల గుడిసె దాకా వెళ్ళిపోతాం. కెమెరా కార్ల్ స్ట్రస్‌ది, ‘సన్‌రైజ్’కి ఆస్కార్ తీసుకున్న ఇద్దరిలో ఒకడు. అదే మనుషులు మాట్లాడటం మొదలుపెట్టగానే అంతా బిగుసుకుపోతుంది. ఆ రోజుల్లో కెమెరా మోత మైక్‌లో పడకూడదు, నటులేమో మైక్‌కి దూరం పోకూడదు, గ్రిఫిత్‌కేమో ఇదే మొదటి పూర్తి టాకీ, మూకీల్లో వందల సినిమాలు తీసిన మనిషి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

తమ్ముడు: లింకన్ వేసిన వాల్టర్ హ్యూస్టన్ మాత్రం నిలబెట్టాడు.

అక్క: నాకు ఈ సినిమా ముఖ్యం అనిపించేదే అక్కడ. లింకన్ 1865లో చనిపోయాడు, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో. అంటే ఆయన గొంతు రికార్డు ఎక్కడా లేదు! విన్నవాళ్ళు రాసినదాన్ని బట్టి కాస్త సన్నగా, పైస్థాయిలో ఉండేదట. హ్యూస్టన్‌ది స్టేజ్ మీద పండిన నిండు గొంతు. మనకి కృష్ణుడంటే ఎన్టీఆర్ ఎలా కళ్ళముందుకొస్తాడో అలాగే, హాల్లో కూర్చుని ఆ గొంతు విన్నవాళ్ళకి లింకన్ అంటే ఇక అదే కదా. మూకీలో అయితే టైటిల్ కార్డు చదువుకుని గొంతు మనమే ఊహించుకుంటాం, టాకీలో ఆ పని సినిమానే చేసేస్తుంది, అది నిజమో కాదో అడిగే టైమ్ కూడా ఇవ్వదు.

తమ్ముడు: మరి ఆ చివర్లో స్పీచ్? లింకన్‌ని కాల్చిన ఆ ఫోర్డ్స్ థియేటర్లో, కాల్పులకి ముందు?

అక్క: అదే చెప్పబోతున్నా. ఆ రాత్రి లింకన్ అక్కడ స్పీచ్ ఇవ్వలేదు, నాటకం చూడటానికి వెళ్ళాడు. సినిమాలో మాత్రం 1863 నవంబర్ గెటిస్‌బర్గ్ ప్రసంగంలో మాటలు, 1865 మార్చిలో రెండోసారి ప్రమాణం చేసినప్పటి మాటలు కలిపి కుట్టేసి ఆయన నోట పెట్టారు. వినడానికి గొప్పగా ఉంది, ఒళ్ళు జలదరించింది, అందుకే నాకు కోపం కూడా వచ్చింది. గెటిస్‌బర్గ్‌లో ఆ మాటలు అన్నది అక్కడ చచ్చిపోయిన సైనికుల శ్మశానం దగ్గర, వాళ్ళ గురించి. వాళ్ళని తీసేసి ఆ మాటల్ని హీరో చావుకి ముందు చప్పట్ల కోసం వాడితే ఎలా?

తమ్ముడు: బానిసత్వం కూడా పెద్దగా కనపడదు.

అక్క: అది ఇంకా పెద్ద సంగతి. 1858లో సెనేట్ ఎన్నికల్లో ప్రత్యర్థి డగ్లస్‌తో లింకన్ డిబేట్లు జరిగాయి కదా, వాటి మధ్యలో ఉన్నది బానిసత్వం కొత్త ప్రాంతాల్లోకి పాకొచ్చా లేదా అనే గొడవ. సినిమాలో మనకి గట్టిగా వినిపించేది దేశం ముక్కలు కాకూడదు అనే మాటే. గ్రిఫిత్ నాన్న అంతర్యుద్ధంలో లింకన్‌కి ఎదురు నిలిచిన దక్షిణ రాష్ట్రాల సైన్యంలో కల్నల్, ఈయనేమో 1915లో నల్లవాళ్ళ మీద దాడులు చేసిన తెల్లవాళ్ళ ముఠా కు క్లక్స్ క్లాన్‌ని హీరోల్ని చేసి ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీశాడు, నల్లజాతి సంఘాలు అప్పుడే రోడ్డెక్కాయి. ఆ మనిషి తీసిన లింకన్ ఎవరినీ నొప్పించని లింకన్ అయ్యాడు. బానిసల ఓడ సీన్ ఒకటి మొదట్లో ఉంది, కానీ చాలా ప్రింట్లలో అది లేదు, ఉన్నవాటిలో ఆ భాగానికి సౌండ్ పోయింది, సబ్‌టైటిల్స్‌తో చూడాలి. టాకీలో గొంతు లేకుండా మిగిలింది వాళ్ళేనా అని చాలా బాధేసింది నాకు.

తమ్ముడు: దాని బదులు కుర్ర లింకన్‌కి, ఆన్ రట్లెడ్జ్ అనే అమ్మాయికి మధ్య లవ్ స్టోరీకి అంతసేపు ఇచ్చారు.

అక్క: లింకన్ కుర్రతనంలో ఉన్న న్యూసేలం ఊళ్ళో ఆ అమ్మాయి ఉంది, 1835లో చనిపోయింది, అంతవరకు నిజం. ప్రేమ కథ జనంలోకి వచ్చింది లింకన్ పోయాక, ఆయనతో కలిసి లా ప్రాక్టీస్ చేసిన హెర్న్‌డన్ 1866లో ఇచ్చిన ఉపన్యాసంతో. ఎంత నిజం అనేది హిస్టరీ వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

తమ్ముడు: గ్రిఫిత్ దీని తర్వాత ఇంకేమైనా తీశాడా?

అక్క: 1931లో ‘ది స్ట్రగుల్’, అది ఆడలేదు, అదే ఆఖరిది. 1948లో పోయాడు. సినిమాకి ఇప్పుడు అమెరికాలో కాపీరైట్ లేదు, నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది, ఓడ సీన్ ఉన్న ప్రింట్ వెతుక్కుని చూడండి, లేనిది చూస్తే సగమే చూసినట్టు. వచ్చేవారం జాన్ ఫోర్డ్ 1939లో తీసిన ‘యంగ్ మిస్టర్ లింకన్’, హెన్రీ ఫోండాది. అందులో ఆన్ ఎంతసేపు ఉంటుందో చూసి రా, అక్కడి నుంచి మొదలుపెడదాం.