తోడు కావాలి, కాపలా కాదు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హార్మోన్ల సమస్యలు చూసే ఒక డాక్టర్, ఒక సైకాలజిస్టు, బరువు తగ్గిన 24 ఏళ్ల యువతి, తగ్గి మళ్ళీ పెరిగిన 27 ఏళ్ల యువకుడు. అతిథుల కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఇరవైల్లో ఉన్నవాళ్ళు బరువు తగ్గాలనుకుంటే సలహాలకు కొదవ లేదు, ఫోన్ తెరిస్తే చాలు. మొదటి వారం ఉత్సాహంగానే గడుస్తుంది. మూడో వారానికి ఒంటరిగా మిగిలిపోతారు. ఈ రోజు ఆ మూడో వారం గురించే మాట్లాడుకుందాం. ముందు మీ దగ్గర మొదలుపెడతాను. మీరు ఒకసారి 18 కిలోలు తగ్గారు కదా?

యువకుడు: అవునండి, ఐదు నెలల్లో తగ్గాను. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి 20 పెరిగాను. తగ్గుతున్నప్పుడు వారం వారం ఫోటోలు పెట్టేవాణ్ణి, అందరూ మెచ్చుకునేవాళ్ళు. పెరగడం మొదలయ్యాక ఫోటోలు ఆపేశాను, జిమ్ ఆపేశాను, చివరికి ఫ్రెండ్స్‌ని కలవడం కూడా ఆపేశాను. "మళ్ళీ మొదటికొచ్చావేంట్రా" అని ఎవరు అంటారో అన్నదే టెన్షన్.

యాంకర్: మరి ఇంట్లో?

యువకుడు: నాన్న నా మంచికే చూసేవారండి, ఆయన్ని తప్పు పట్టను. నేను కంచం ముందు కూర్చోగానే ఒకసారి కంచం వైపు, ఒకసారి నా వైపు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ చూపు తప్పించుకోడానికి అందరూ పడుకున్నాక తినడం అలవాటైంది. ఫ్రిజ్ తెరిస్తే లోపల లైటు వెలుగుతుంది కదా. ఆ వెలుతురు హాల్లో పడకుండా తలుపు సగమే తీసి, అక్కడే నిలబడి తినేసేవాణ్ణి. ఏం తిన్నానో కూడా తెలిసేది కాదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సైకాలజిస్టు: ఇది నలుగురిలో చెప్పడం తేలిక కాదు. చెప్పినందుకు మీకు నా ధన్యవాదాలు. నా దగ్గరకు వచ్చే యువతలో చాలామంది దాదాపు ఇదే చెబుతారు. సిగ్గు పడితేనన్నా తగ్గుతారని పెద్దవాళ్ళు అనుకుంటారు. కానీ బరువు మీద ఎగతాళి ఎదుర్కొన్న పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లో, వాళ్ళు పెద్దయ్యాక బరువు పెరిగే అవకాశమే ఎక్కువగా కనిపించింది. సిగ్గుపడ్డ మనిషి తినడం మానడండీ, దాచుకుని తింటాడు.

డాక్టర్: ఇందులో నేనొక మాట కలపాలి. ఆయన మళ్ళీ పెరిగింది ఒళ్ళొంచకపోవడం వల్ల అనుకుంటున్నారేమో, అది సగం కూడా నిజం కాదు. బరువు తగ్గినప్పుడు కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. ఒళ్ళు ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ హార్మోన్లు మునుపటి స్థాయికి రాలేదు. అంటే ఈయన ఏడాది పాటు మామూలు కంటే ఎక్కువ ఆకలితో, ఒక్కడే పోరాడాడు.

యువకుడు: సార్, ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

యాంకర్: ఇప్పుడు మీ దగ్గరకు వద్దాం. మీరు 14 కిలోలు తగ్గారు. ఎంత కాలం పట్టింది?

యువతి: పదిహేను నెలలండి. మధ్యలో రెండు నెలలు ముల్లు కదల్లేదు. దానికి ముందు మూడుసార్లు ఒక్కదాన్నే మొదలుపెట్టి, మూడుసార్లూ మానేశాను. నాలుగోసారి మా అక్కను అడిగాను. "అక్కా, పొద్దున ఆరింటికి నాతో నడుస్తావా? బరువు గురించి మాత్రం మాట్లాడకు" అని. అంతే అడిగాను.

యాంకర్: బరువు గురించి మాట్లాడొద్దని ఎందుకన్నారు?

యువతి: అప్పటికే ఇంట్లో అందరూ దాని గురించే మాట్లాడేవారు కాబట్టి. అక్క ఆ మాట నిలబెట్టుకుంది. నాకన్నా ముందు లేచి, నా బూట్లు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది. నేను రాత్రి లేసులు విప్పకుండా లాగేస్తాను, అవి ముడిపడిపోతాయి. ఆ ముళ్ళు విప్పి, వదులు చేసి ఉంచేది. నన్ను లేపేది కాదు, పిలిచేది కూడా కాదు. లేచి చూసేసరికి రెండు జతల బూట్లు పక్కపక్కన కనిపించేవి. తను గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండేది. ఇక మళ్ళీ పడుకోబుద్ధి అయ్యేది కాదు.

సైకాలజిస్టు: చూడండి, ఇందులో మూడు మాటలైనా సలహా ఉందా? నా క్లయింట్లకు నేను చెప్పేదీ ఇదే. "నాకు సపోర్ట్ చేయండి" అని అడిగితే ఎదుటివాళ్ళకు ఏం చేయాలో తెలియదు, తెలియక కాపలా కాస్తారు. "మంగళవారం, గురువారం సాయంత్రం నాతో నడవండి", "నేను చాలన్నాక మళ్ళీ వడ్డించకండి", "రాత్రి పదింటికి ఒక్క మెసేజ్ పెడతాను, చూశానని చెప్పండి చాలు" అని ఒక్క పని చెప్పి అడగాలి. ఏం చేయకూడదో కూడా అప్పుడే చెప్పేయాలి.

యాంకర్: తోడు ఉంటే నిజంగా ఫలితం మారుతుందా, లేక మనకు అలా అనిపిస్తుందా?

సైకాలజిస్టు: మారుతుంది. 1999లో అమెరికాలో రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ చేసిన అధ్యయనం ఉంది. కొందరిని ఒంటరిగా చేర్చుకుని మామూలు కార్యక్రమం ఇచ్చారు. మరికొందరిని స్నేహితులతో కలిపి చేర్చుకుని, ఒకరికొకరు ఎలా తోడుండాలో కూడా నేర్పారు. ఒంటరిగా వచ్చినవాళ్ళలో 76 శాతం మంది కార్యక్రమం పూర్తి చేశారు, స్నేహితులతో వచ్చినవాళ్ళలో 95 శాతం. ఆ తేడా పెద్దగా అనిపించకపోవచ్చు. అసలు తేడా ఆ తర్వాత కనిపించింది. నాలుగో నెల నుంచి పదో నెల దాకా తగ్గిన బరువును పూర్తిగా నిలబెట్టుకున్నది ఒంటరివాళ్ళలో 24 శాతమైతే, రెండో గుంపులో 66 శాతం.

యువకుడు: నాకు ఫాలోయర్లు ఉండేవాళ్ళు, తోడు లేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

యాంకర్: మోటివేషన్ సంగతేంటి మేడమ్? చాలామంది అది రావడం కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.

సైకాలజిస్టు: అది ముందుగా రాదండీ. పది రోజులు పని చేశాక, మెట్లెక్కినప్పుడు ఆయాసం కాస్త తగ్గిందని తెలిశాక వస్తుంది. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మి చాలామంది దెబ్బతిన్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. నాకు ఆ చివరి విషయమే అన్నిటికన్నా ముఖ్యం. ఒక్క రోజు తప్పగానే "ఇక నా వల్ల కాదు" అని వదిలేసేవాళ్ళను ఎంతమందినో చూశాను.

యాంకర్: డాక్టర్ గారూ, ఎంత తగ్గాలన్నది ఎలా నిర్ణయించుకోవాలి?

డాక్టర్: కాలేజీ రోజుల ఫోటో చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మెరుగుపడతాయి. 90 కిలోలు ఉన్నవాళ్ళకు అది నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలు. 2002లో వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అమెరికా అధ్యయనం ఫలితాలు చూడండి. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, ఈ రెండే లక్ష్యాలు. మధుమేహం వచ్చే ముప్పు ఉన్నవాళ్ళలో ఆ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అక్కడ కూడా ప్రతి ఒక్కరికీ పలకరించి దారి చూపే కోచ్ ఉన్నారు, మేడమ్ చెబుతున్నది అదే కదా. వేగం అంటారా, వారానికి అర కిలో నుంచి కిలో లోపు చాలు. మొదటి వారంలో తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరే, దాన్ని చూసి లెక్కలు వేసుకోవద్దు.

యువకుడు: రోజూ బరువు చూసుకోవాలా సార్? నాకైతే పొద్దున్నే ఆ అంకె చూస్తే రోజంతా పాడయ్యేది.

డాక్టర్: వారానికోసారి చూసుకోవడం మేలు చేస్తుందని నేను చెబుతూ ఉంటాను...

సైకాలజిస్టు: ఆయనకు మాత్రం వద్దంటాను డాక్టర్ గారూ. దాచుకుని తిన్న మనిషికి ఆ మెషీన్ ఇంకో కాపలాదారు అవుతుంది.

డాక్టర్: (ఆలోచించి) ఒప్పుకుంటాను. అయితే నెలకోసారి నా దగ్గర చూసుకుందాం, మధ్యలో నడుం చుట్టుకొలత చాలు. ఇంకో రెండు విషయాలు చెప్పేస్తాను. తిండి మారకుండానే బరువు వేగంగా పెరుగుతుంటే థైరాయిడ్, అమ్మాయిలకైతే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపేయకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. ఇక భోజనాలు మానేయడం, తిన్నది కక్కేయడం, అదుపు లేకుండా తినడం లాంటివి ఉంటే ముందు దానికే వైద్యం. డైట్ ఆ తర్వాత సంగతి.

యాంకర్: ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. నాకు 22 ఏళ్ళు. ఉద్యోగం కోసం కొత్త ఊరొచ్చి రెండు నెలలైంది. ఆ అమ్మాయికి అక్క ఉంది. నాకిక్కడ ఎవరూ లేరు. ఎవర్ని అడగను?

యువతి: అక్కే కానక్కర్లేదండి. అక్క ఊళ్ళో లేని నెలంతా నేను ఫోన్లో మాట్లాడుతూ నడిచాను. తను అక్కడ నడిచేది, నేనిక్కడ.

సైకాలజిస్టు: దగ్గరివాళ్ళే కావాలని లేదమ్మా. మీరు చేయాలనుకుంటున్న పనిని ఇప్పటికే చేస్తున్నవాళ్ళు చుట్టుపక్కల ఎవరున్నారు? కాస్త ఆలోచించండి, తొందరేం లేదు.

కాలర్: ఆఫీసులో మా పక్క సీటు మేడమ్ లిఫ్ట్ ఎక్కరు. మాది ఐదో అంతస్తు.

సైకాలజిస్టు: ఆమెను ఏమని అడుగుతారు?

కాలర్: "రేపటి నుంచి నేనూ మీతో మెట్లెక్కి రావచ్చా" అని... అంతేనా అండి? బరువు గురించి చెప్పక్కర్లేదా?

సైకాలజిస్టు: మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి.

డాక్టర్: అమ్మా, మోకాళ్ళ నొప్పి, ఆయాసం లాంటివేమైనా ఉన్నాయా?

కాలర్: లేవండి.

డాక్టర్: అయితే మొదటి వారం రెండో అంతస్తు దాకా ఆమెతో నడవండి. అక్కడి నుంచి లిఫ్ట్ ఎక్కేయండి.