రీసైజ్ టూల్ కన్నా దాని డాక్యుమెంటేషనే ఎక్కువ నచ్చింది

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నాను, ఫోటోల సైజు మార్చే ఈ టూల్ ఏడాది లైసెన్స్ నాకు ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకి చూపించలేదు. పేరు స్క్రీన్ మీద ఉంది. ఏ ఫార్మాట్లు తీసుకుంటుంది, ధర ఎంత అన్నవి మీరు ఇప్పటికే చూసే ఉంటారు కాబట్టి మళ్లీ చదవను. దీంతో పాటు వచ్చిన ఒక్క ఫైల్ గురించే మాట్లాడతాను. అది ఏఐ ఏజెంట్, అంటే మనం పని చెబితే కమాండ్లు తనే నడిపి చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్, చదువుకోవడానికి రాసిన డాక్యుమెంటేషన్. మొత్తం రెండు పేజీలు.

ఇంత చిన్న ఫైల్‌కి వీడియో ఎందుకంటే, దాని వెనక మా అక్క చీరల కథ ఉంది.

అక్క కొత్తపేటలో ఇంటి దగ్గరే చీరలు అమ్ముతుంది. గద్వాల్, పోచంపల్లి, నారాయణపేట. మడత పెట్టి, అంచు కిందికి వచ్చేలా స్టాండుకి వేలాడదీసి ఫోన్‌లో నిలువు ఫోటో తీస్తుంది. సైటుకేమో 1000 బై 1000 పిక్సెల్స్, చదరంగా కావాలి. పోయిన దసరాకి ముందు ఆ పని ఒక ఏజెంట్‌కి అప్పజెప్పాను. అది నోడ్‌లో (జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే చోటు) ఫోటోల సైజు మార్చే షార్ప్ అనే లైబ్రరీతో కోడ్ రాసుకుని, ఒక్క ఎర్రర్ లేకుండా అన్నీ చేసి పెట్టింది. నేను అప్‌లోడ్ చేసేశాను. రాత్రి అక్క ఫోన్ చేసి, "నడుమ గుడ్డ ఒక్కటే కనిపిస్తోంది, అంచు ఏదిరా?" అంది.

గద్వాల్ చీర సంగతి మీకు తెలుసు కదా. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొనేవాళ్ల చూపు ముందు పడేది అంచు మీదే. నేను పెట్టిన ఫోటోల్లో సరిగ్గా అదే లేదు. రెండు రోజులు ఎవరూ ఫోన్ చేయలేదని అక్క బాధపడింది. నాకు నిజంగా చాలా కష్టంగా అనిపించింది.

ఇందులో షార్ప్ తప్పేమీ లేదు. వెడల్పు, ఎత్తు రెండూ ఇస్తే దాని డిఫాల్ట్ 'కవర్'. చట్రం నిండేలా బొమ్మను పరిచి, బయటికి వచ్చినదాన్ని కోసేస్తుంది. ఆ మాట వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంది. మనిషైతే మొదటి ఫోటో తెరవగానే ఆగిపోతాడు. ఏజెంట్ మాత్రం కొలతలు సరిపోయాయా అని చూసుకుంది. సరిపోయాయి, పని అయిపోయిందంది.

ఇప్పుడు ఈ ఫైల్ చూడండి, కొంచెం జూమ్ చేస్తాను. మొదటి పేరాలోనే ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇలా: రెండు కొలతలూ ఇచ్చినా ఈ టూల్ బొమ్మను కోయదు, సాగదీయదు. చట్రంలో పట్టేంత తగ్గించి, మిగిలిన చోట తెలుపు నింపుతుంది. కోయడం కావాలంటే విడిగా చెప్పాలి, చెప్పే ముందు యూజర్‌ని అడగాలి. దాని కిందే జవాబు ఎలా వస్తుందో ఒక నమూనా ఇచ్చారు. పైన, కింద, ఎడమ, కుడి, ఏ వైపు ఎన్ని పిక్సెల్స్ పోయాయో నాలుగు అంకెలు. ఈ నాలుగు అంకెలు చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. దసరాకి ఇవి ఉండి ఉంటే, 'కింద 300' అని కనిపించగానే ఏజెంట్ ఆగి నన్ను అడిగేది.

నేను కాలేజీ రోజుల నుంచి ఇమేజ్‌మ్యాజిక్ వాడుతున్నాను. టెర్మినల్‌లో కమాండ్లు రాసి ఫోటోలు మార్చే టూల్ అది, 1990లో వచ్చింది, ఇప్పటికీ నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ అందులో 800 బై 600 పక్కన 'గ్రేటర్ దేన్' గుర్తు పెడితే, పెద్ద ఫోటోలనే తగ్గించు, చిన్నవాటిని ముట్టుకోకు అని అర్థం. అదే గుర్తు కోట్స్ లేకుండా రాస్తే, అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించమన్నారని టెర్మినల్ అనుకుంటుంది. ఇంకా అందులోనే మొగ్రిఫై అనే కమాండ్ ఉంది. వేరే ఫోల్డర్ చెప్పకుండా రీసైజ్ చేస్తే ఒరిజినల్ మీదే రాసేస్తుంది. ఒకసారి దెబ్బ తిన్నవాడు గుర్తుపెట్టుకుంటాడు. ఏజెంట్‌కి నిన్నటి దెబ్బ గుర్తుండాలంటే ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఈ ఫైల్‌లో రాశారు. ఒరిజినల్‌ని ఎప్పుడూ మార్చం, కొత్త పేరుతో పక్కన పెడతాం అని.

ఫోన్ ఫోటోలు అడ్డంగా పడుకునే సమస్య కూడా ఒక లైన్‌లో తేల్చేశారు. ఫోన్ చాలాసార్లు పిక్సెల్స్‌ని అడ్డంగానే దాచి, ఎటు తిప్పి చూపాలో ఎగ్జిఫ్‌లో, అంటే ఫోటో ఫైల్‌లోనే ఉండే వివరాల్లో, విడిగా రాస్తుంది. రీసైజ్‌లో ఆ సమాచారం పోతే నిలువు చీర పడుకుంటుంది. ఈ టూల్ ముందు తిప్పి, తర్వాతే తగ్గిస్తుంది.

రెండు పేజీలే ఉండటం కూడా మంచిదే. 2024 నవంబర్‌లో ఎంసీపీ, అంటే ఏఐకి బయటి టూల్స్‌ని కలిపే ఒక ప్రామాణిక పద్ధతి, వచ్చాక చాలా టూల్స్ ఏజెంట్‌కి అలాగే అందుతున్నాయి. పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో ఒక స్కీమా. మోడల్ టూల్‌ని ఎంచుకునేది వాటిని చదివే. మోడల్ ఒకేసారి చదివి పెట్టుకోగలిగేదానికి హద్దు ఉంటుంది, నలభై పేజీలు కుమ్మరిస్తే అసలు పనికి చోటు తగ్గిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం కోపం వచ్చింది. ఉదాహరణల్లో అన్నీ 'ఫోటో', 'ఇన్‌పుట్' లాంటి ఒక్క మాట పేర్లే. మా అక్క ఫోటోలు వాట్సాప్ వెబ్ నుంచి దిగుతాయి. 'వాట్సాప్ ఇమేజ్' అని మొదలై తేదీ, టైమ్, అన్నిటి మధ్యా ఖాళీలు. ఏజెంట్ ఆ పేరుని కోట్స్ లేకుండా కమాండ్‌లో పెట్టింది, ఒక్క ఫైల్ పేరు ముక్కలు ముక్కలైంది. మన ఊళ్లో చిన్న వ్యాపారం చేసేవాళ్ల ఫోటోలు ఎక్కువగా వచ్చేది వాట్సాప్‌లోనే కదా! ఒక్క ఉదాహరణ చాలు, రాయండి. తెలుగు పేరున్న ఫైల్‌తో ఇంకొకటి కూడా.

నా ల్యాప్‌టాప్‌లో ఇది షార్ప్ అంత వేగంగా లేదు. అయినా ఏడాది అయ్యాక సొంత డబ్బుతో రెన్యూ చేస్తాను. నిన్న అరవై రెండు చీరలు చేయించాను, అన్నీ ఒక్కొక్కటి తెరిచి చూశాను. అన్నిటికీ అంచు ఉంది. ఫైల్ పేర్ల సంగతి వాళ్లకి మెయిల్ రాశాను, సరిచేస్తే కింద కామెంట్‌లో పిన్ చేస్తాను.