వరదల్లో తీసిన ఆధార్ ఫొటోలు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి?

హోస్ట్: బాబాయ్ గారూ, మీరు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ఆఫీసులో ఇంటర్నెట్ ఎలా వాడాలో రూల్స్ ఉన్నాయని మన కోనసీమ ఉద్యోగులకి తెలుసంటారా?

అతిథి: ఉన్నాయని తెలుసమ్మా. చదివినవాళ్లే తక్కువ. 2015 ఫిబ్రవరిలో కేంద్రం రెండు విధానాలు తెచ్చింది. ఒకటి ఈమెయిల్‌కి, ఇంకోటి ఆఫీసు కంప్యూటర్లు, నెట్ వాడకానికి. సర్కారు పనికి సర్కారు మెయిలే వాడాలి. ఆఫీసు నెట్‌వర్క్‌ని తనిఖీ చేసే హక్కు ప్రభుత్వానిది.

హోస్ట్: అంటే యూట్యూబ్ చూడొద్దు, ఫేస్‌బుక్ వద్దు, అంతేనా?

అతిథి: అందరూ మాట్లాడేది దాని గురించే. నాకది చిన్న సంగతి. జనం కాగితాలు ఎక్కడికి పోతున్నాయో అది చూడాలి. 2022 జూన్‌లో ఎన్‌ఐసీ, అంటే సర్కారు కంప్యూటర్ల వ్యవస్థ చూసే కేంద్ర సంస్థ, కేంద్ర ఉద్యోగులకి మార్గదర్శకాలిచ్చింది. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లలో ఆఫీసు సమాచారం పెట్టొద్దు, బయటి స్కానర్ యాప్‌లతో ఫైళ్లు స్కాన్ చేయొద్దు అని.

హోస్ట్: మన లంకల్లో వరదొస్తే ఇలాంటివి కుదురుతాయా?

అతిథి: నా బాధంతా అక్కడేనమ్మా. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ 2022 జూలైలోనే 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు పడవెక్కి ఊళ్లోకెళ్లిన పంచాయతీ కార్యదర్శి సొంత ఫోన్‌తోనే ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. తప్పంటానా? సాయం అందాలి కదా! కానీ నీళ్లు తీసి నెలలు గడిచినా, పిల్లాడి పుట్టినరోజు ఫొటోల పక్కన ఎవరో ముసలమ్మ ఆధార్ అలాగే ఉంటుంది. బ్యాకప్ ఆన్‌లో ఉంటే క్లౌడ్‌కీ వెళ్లిపోయినట్టే. బదిలీ అయినవాళ్లని గ్రూపులోంచి తీసేవాళ్లూ ఉండరు.

హోస్ట్: మరి తప్పు ఆ ఉద్యోగిదేనా?

అతిథి: కాదు. వద్దన్నవాళ్లు బదులుగా ఏం వాడాలో చేతికివ్వాలి. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐ యాప్‌లు వాడొద్దంది. సమాచారం బయటికి పోతుందన్న భయం సబబే. ఉత్తి వద్దు అంటే మాత్రం, అలవాటైన కుర్రాడు అదే ఉత్తరం సొంత ఫోన్‌లో రాయించుకుంటాడు.

హోస్ట్: వినేవాళ్లలో సచివాలయం ఉద్యోగులుంటే?

అతిథి: గోదారి పొంగకముందే ఎంపీడీవో గారిని కాగితం మీద అడగమను. సర్వేకి ఆఫీసు ఫోన్ ఇస్తారా, ఫొటోలు ఎక్కడ ఎక్కించాలి, పనయ్యాక డిలీట్ చేయించే బాధ్యత ఎవరిది అని. జవాబు ఫైల్లో ఉండాలి.

హోస్ట్: ఊళ్లోవాళ్లూ అడగొచ్చుగా, మా ఆధార్ ఫొటో ఏమైందని?

అతిథి: ఆయ్, నిలదీసి అడగొచ్చు. అడగాలి కూడా.